ఆ మెట్ల గురించి అందరూ చెబుతారు, ఆ బడి సంగతి ఎవరికైనా తెలుసా?

మెట్లబావి (శనివారం, రాత్రి 9.40)

పోయిన నెల సెలవుల్లో డెన్వర్ నుంచి న్యూ మెక్సికోలోని శాంటా ఫేకు కారులో వెళ్లాం. ఆ ఊళ్లో లొరెట్టో చాపెల్ అని ఒక చిన్న ప్రార్థనాలయం ఉంది. పాటలు పాడేవాళ్లు నిలబడే అటక మీదికి ఎక్కడానికి అందులో చెక్క మెట్లు ఉన్నాయి. జనం టికెట్టు కొని వచ్చేది వాటిని చూడటానికే. మొత్తం 33 మెట్లు. రెండు పూర్తి చుట్లు తిరిగి పైకి వెళతాయి, మధ్యలో స్తంభం లేదు. కట్టడమంతా అయ్యాక అటకకు దారి లేదని తెలిసి కన్యాస్త్రీలు, ఏసును పెంచిన వడ్రంగి పునీత జోజప్పకు తొమ్మిది రోజులు మొక్కుకున్నారట. ఆఖరి రోజున గాడిదను తోలుకుంటూ ఒక ముసలి వడ్రంగి వచ్చి, మెట్లు కట్టి, కూలి కూడా పుచ్చుకోకుండా మాయమయ్యాడట. లోపల స్పీకర్లో ఈ కథే తిరిగి తిరిగి వినిపిస్తుంది.

మా పెద్దమ్మాయికి పదకొండేళ్లు. బయటికి వచ్చాక, "నాన్నా, ఇది బడిలో ఉండే గుడి అన్నారు కదా, మరి బడి ఏది?" అని అడిగింది. బడి లేదు. కన్యాస్త్రీలు నడిపిన ఆ ఆడపిల్లల బడిని 1968లో మూసేశారు. ఆ స్థలంలో ఇప్పుడు హోటలు ఉంది. మేము కారు ఆపింది ఏ తరగతి గది మీదనో.

ఎవరు ఈ ఆడవాళ్లు? రైలు కూడా లేని రోజుల్లో అంత దూరం ఎందుకు వచ్చారు? నాకు అసలు అంతుపట్టనిది మాత్రం ఒకటే. ఇదంతా నడపడానికి డబ్బు ఎవరిచ్చారు?

పాతకాగితం (శనివారం, రాత్రి 10.55)

మంచి ప్రశ్న వేసింది మీ అమ్మాయి. తెలిసినంత చెబుతాను, కొంచెం పెద్దదే అవుతుంది.

కన్యాస్త్రీలు అనగానే ఓడ దిగిన ఫ్రెంచివాళ్లో ఇటలీవాళ్లో అనుకుంటాం. ఈ బడి నడిపిన లొరెట్టో సిస్టర్లు అమెరికావాళ్లే. కెంటకీలో అడవి నరికి ఊళ్లు కట్టుకుంటున్న కాలంలో మేరీ రోడ్స్ అనే ఆమె ఇరుగుపొరుగు పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. క్రిస్టీనా స్టూవర్ట్, ఆన్ హావర్న్ వచ్చి చేరారు. చార్లెస్ నెరింక్స్ అనే బెల్జియం గురువు అండతో 1812లో ముగ్గురూ ఒక మఠంగా ఏర్పడ్డారు. అంటే బడి ముందు, మఠం తర్వాత.

నలభై ఏళ్లకు శాంటా ఫే బిషప్పు లామీ నుంచి వాళ్లకు పిలుపు వచ్చింది. ఆ ప్రాంతం మెక్సికో చేతి నుంచి అమెరికా చేతికి వచ్చి అప్పటికి నాలుగేళ్లే. 1852 వేసవిలో ఆరుగురు బయలుదేరారు. మిస్సోరి నది మీద పడవలోనే కలరా సోకింది. వాళ్లకు పెద్దగా వెళుతున్న మదర్ మటిల్డా మిల్స్ చనిపోయింది. ఇంకొకామె కోలుకోలేక వెనక్కి తిరిగింది. మిగిలిన నలుగురు బండ్ల బారుతో మైదానాలు దాటి సెప్టెంబర్ 26న శాంటా ఫే చేరారు. మదర్ మగ్దలెన్ హేడెన్ వాళ్లకు పెద్ద అయింది.

బడి తెరిచింది 1853 జనవరిలో. ఈ మధ్య మూడు నెలలూ ఏం చేశారనుకుంటున్నారు? కూర్చుని స్పానిష్ నేర్చుకున్నారు. పిల్లలకు ఇంగ్లీషు రాదు, టీచర్లకు స్పానిష్ రాదు. బడికి పేరు కూడా స్పానిష్‌లోనే పెట్టారు, వెలుగు మాత అని అర్థం.

మీరు చూసిన ప్రార్థనాలయం చాలా తర్వాతిది, 1873లో మొదలై 1878లో పూర్తయింది. మీ డెన్వర్‌కు కూడా వీళ్లే వచ్చారు. 1864లో శాంటా ఫే నుంచి ముగ్గురు సిస్టర్లు గుర్రపు బండిలో వచ్చి సెయింట్ మేరీస్ అకాడమీ పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. కొలరాడో ఇంకా రాష్ట్రం కాకముందే, 1875లో, అక్కడ మొట్టమొదటి హైస్కూలు డిప్లొమా అందుకున్నది ఆ బడి అమ్మాయి. తర్వాత ఆమే సిస్టరు అయింది.

డబ్బు సంగతి రేపు.

కొత్తకలం (శనివారం, రాత్రి 11.20)

ఒక సందేహం. అక్కడ ప్రభుత్వ బడులు లేవా? బిషప్పు కెంటకీ దాకా కబురు పంపాల్సిన అవసరమేమిటి?

పాతకాగితం (శనివారం, రాత్రి 11.32)

న్యూ మెక్సికోలో ప్రభుత్వ బడుల వ్యవస్థకు గట్టి చట్టం వచ్చింది 1891లో. అంటే సిస్టర్లు బడి తెరిచిన 38 ఏళ్లకు. మధ్యలో పుట్టి పెరిగిన తరం ఆడపిల్లల్లో చాలామందికి ఇలాంటి బడులు తప్ప దిక్కు లేదు. ఇక పడుకుంటాను.

ఎదురుప్రశ్న (ఆదివారం, ఉదయం 7.15)

కథ బాగుంది. కానీ "డబ్బు సంగతి రేపు" అన్న చోటే ఇలాంటి కథలన్నీ ఆగిపోతాయి. తర్వాత ఎవరో వచ్చి "అంతా దైవకృప" అంటారు. గోడకు సున్నం వేయాలన్నా పైసలు కావాలి కదా. లెక్క చెప్పండి.

సుద్దముక్క (ఆదివారం, ఉదయం 10.05)

లెక్క నేను చెబుతాను బాబూ. ముప్పై నాలుగేళ్లు సిస్టర్ల బడిలో పాఠం చెప్పి రిటైరయ్యాను, మా మేనత్త కన్యాస్త్రీ. కాబట్టి ఆ ఇంటి వంటగది వైపు నుంచి నాకు కొంత తెలుసు.

ఆ రోజుల్లో ఏ మఠం పద్ధతి చూసినా ఒకే ప్రహరీలో రెండు బడులు. ఒకటి ఉన్నవాళ్ల ఆడపిల్లలు ఉండి చదువుకునే అకాడమీ. దానికి రుసుము. రెండోది ఊరి పేదపిల్లలకు ఉచితంగా. మొదటి దాని మిగులుతో రెండోది నడవాలి. వ్యాపారులు, సైనిక అధికారులు, గడ్డిభూముల ఆసాములు తమ కూతుళ్లను పంపేవారు. వాళ్లలో ప్రొటెస్టెంట్లు కూడా చాలామంది. మతం నచ్చకపోయినా మరో బడి లేదు కదా.

అసలు కీలకం సంగీతం! పియానోకు విడి రుసుము, చిత్రలేఖనానికి విడి, కుట్టుపూల పనికి విడి. అందుకే పైకప్పు కారుతున్నా సరే, ఎడ్లబండి మీద పియానో మాత్రం తెప్పించుకునేవారు. సంగీతం నేర్పే సిస్టరు ఒక్కతే నలుగురి కూడు సంపాదించేది. మా ఊళ్లోనూ సిస్టర్లు ఉదయం బడి, సాయంత్రం ట్యూషన్లు అన్న లెక్కలోనే మఠం నెట్టుకొచ్చారు, పియానో బదులు టైపు మిషను.

ఇంకొకటి చెబితే మీరు ఉలిక్కిపడతారు. కట్నం. మఠంలో చేరే అమ్మాయి కట్నం తెచ్చేది. పెళ్లికూతురు అత్తవారింటికి తెచ్చినట్టే. తేగలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు పాఠం చెప్పే సిస్టర్లయ్యేవారు. తేలేనివాళ్లు చాలా మఠాల్లో వంట, బట్టలు, తోటపని చూసే సిస్టర్లుగా మిగిలిపోయేవారు. ఒకే దేవుడి ఇంట్లో రెండు పంక్తులు.

కొత్తకలం (ఆదివారం, ఉదయం 10.20)

రెండు పంక్తులా! ఇది నేనెక్కడా వినలేదు.

పాతకాగితం (ఆదివారం, మధ్యాహ్నం 1.40)

టీచరు గారు చెప్పింది అక్షరాలా నిజం. మచ్చుకు రోజ్ ఫిలిపీన్ దుషేన్ సంగతి. ఫ్రాన్స్‌లో గ్రనోబుల్ ఊళ్లో 1769లో పుట్టింది. 1818లో సేక్రెడ్ హార్ట్ మఠం తరఫున నలుగురు తోటివారితో ఓడెక్కింది. ఆ నలుగురిలో ఇద్దరు పాఠం చెప్పేవాళ్లు, ఇద్దరు పనిచేసేవాళ్లు. సముద్రం మీద దాదాపు డెబ్బై రోజులు. మే 29న న్యూ ఆర్లియన్స్ దగ్గర దిగి, మిస్సిసిపి మీద ఎగువకు సెయింట్ లూయిస్ చేరారు. అక్కడ ఇల్లు దొరకలేదని బిషప్పు దుబూర్గ్ వాళ్లను సెయింట్ చార్లెస్ అనే మారుమూల పల్లెకు పంపాడు. ఆ సెప్టెంబరులోనే దుంగల ఇంట్లో బడి తెరిచారు. మిస్సిసిపికి పడమర మొదటి ఉచిత పాఠశాల అదేనని చెబుతారు.

ఆమె వచ్చింది మూలవాసుల పిల్లలకు చదువు చెప్పాలని. చెప్పింది మాత్రం ఎక్కువగా వలస వచ్చినవాళ్ల పిల్లలకు. ఇరవై మూడేళ్లు అలాగే గడిచాయి. 1841లో, 72వ ఏట, కాన్సాస్‌లోని షుగర్ క్రీక్‌కు, పొటవాటమి అనే మూలవాసుల తెగ దగ్గరికి వెళ్లింది. వాళ్ల భాష నేర్చుకోవడం ఆమె వల్ల కాలేదు. ఇంగ్లీషే సరిగా పట్టుబడలేదు ఆమెకు. పాఠం చెప్పలేక రోజంతా ప్రార్థనలో కూర్చునేది. పిల్లలు చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి ఆమె అంగీ అంచు మీద చిత్తుకాగితం ముక్కలు పెట్టి వెళ్లేవారట. గంటల తర్వాత వచ్చి చూస్తే ఆ ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవట. "ఎప్పుడూ ప్రార్థించే ఆడమనిషి" అని వాళ్లు పెట్టిన పేరు. ఏడాదికే ఆరోగ్యం చెడి వెనక్కి వచ్చేసింది. 1852లో సెయింట్ చార్లెస్‌లోనే పోయింది. 1988లో పునీతురాలిగా ప్రకటించారు.

టీచరుగా చూస్తే ఆ చివరి ఏడాది ఓటమే. నాకు ఆమె మీద గౌరవం కలిగింది ఆ ఏడాది వల్లే.

ఎదురుప్రశ్న (ఆదివారం, మధ్యాహ్నం 2.30)

ఆమె మీద నాకూ కోపం లేదు. కానీ లెక్కల పుస్తకంలో రెండు పేజీలు తిప్పేశారు.

ఒకటి. అదే మఠం లూసియానాలో గ్రాండ్ కొటో అనే చోట 1821లో బడి పెట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ వంట ఎవరు చేశారు, పొలం ఎవరు దున్నారు? కొనుక్కున్న బానిసలు. 2018లో ఆ మఠమే వాళ్ల వారసులను పిలిచి, పేర్లు చదివి, క్షమాపణ చెప్పింది. టీచరు గారు చెప్పిన కట్నంలో కూడా కొన్నిచోట్ల మనుషులే ఉన్నారు. కెంటకీలో అమ్మాయి మఠంలో చేరితే వెంట ఇంటి బానిస కూడా వచ్చేది. పియానో రుసుము నిజమే, దాని కింద ఇంకో అంతస్తు ఉంది.

రెండు. షుగర్ క్రీక్‌లో పొటవాటమివాళ్లు ఎందుకున్నారు? అది వాళ్ల ఊరు కాదు. 1838లో ఇండియానా నుంచి సిపాయిలు తుపాకులు పట్టుకుని దాదాపు 850 మందిని రెండు నెలలు నడిపించి తెచ్చి అక్కడ పడేశారు. దారిలో నలభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ మిగిలిన పిల్లలే మీరు చెప్పిన కాగితం ముక్కలు పెట్టినవాళ్లు.

సుద్దముక్క (ఆదివారం, సాయంత్రం 4.10)

రెండో మాట చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. బానిసల సంగతి నాకు తెలుసు బాబూ, రాయడానికి చేయి రాలేదు. నువ్వు రాయడం మంచిదైంది.

తూనీగ (ఆదివారం, సాయంత్రం 5.02)

వందల ఏళ్ల కిందటివి తవ్వి ఏం లాభం? సేవ చేసినవాళ్లను తిట్టడం మనవాళ్లకు అలవాటైపోయింది. మతం మారుస్తారని ఒక గుంపు, బానిసలని ఒక గుంపు.

నిర్వాహకుడు (ఆదివారం, సాయంత్రం 5.30)

ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఎవరినీ తిట్టలేదు. చర్చ అలాగే సాగనివ్వండి. మన రాష్ట్రాల్లో మతమార్పిడుల గురించి వేరే చోట చర్చ ఉంది, ఆ గొడవ అక్కడే.

పాతకాగితం (ఆదివారం, రాత్రి 8.15)

ఎదురుప్రశ్న గారు తిప్పిన పేజీకి తర్వాతి పేజీ కూడా ఉంది. మూలవాసుల బడులకు డబ్బు ఎక్కడిది? 1870ల తర్వాత చాలావరకు ప్రభుత్వానిదే. ఒక్కో పిల్లకు ఏడాదికి ఇంత అని వాషింగ్టన్‌తో ఒప్పందం. తలకింత అన్నాక, తలలు తగ్గితే రాబడి తగ్గుతుంది. దాంతో పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి వసతి బడుల్లో ఉంచడం ఒక లెక్కగా మారింది. జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, సొంత భాష మాట్లాడితే శిక్షించడం, ఇవన్నీ ఆ వసతి బడుల్లో జరిగాయి. ప్రభుత్వ బడుల్లోనూ, చర్చి బడుల్లోనూ. 2024 జూన్‌లో అమెరికా కాథలిక్ బిషప్పులు దీనికి క్షమాపణ చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ప్రభుత్వం తరఫున చెప్పారు.

అయితే బొమ్మ ఒకే రంగులో లేదు. లకోటా అనే మూలవాసుల తెగ నాయకుడు రెడ్ క్లౌడ్ తన ప్రజలకు బడి కావాలని, నల్ల అంగీల గురువులనే, అంటే జెసూట్లనే, పంపమని తానే పట్టుబట్టి అడిగాడు. 1888లో వాళ్లుండే పైన్ రిడ్జ్‌లో బడి వచ్చింది. ఖర్చు పెట్టింది కాథరిన్ డ్రెక్సెల్, ఫిలడెల్ఫియా బ్యాంకరు కూతురు. తండ్రి ఆస్తిని ఇలాంటి బడులకే పంచి, తర్వాత తానే మఠం స్థాపించింది. పాఠం చెప్పింది జర్మనీలో బిస్మార్క్ కాలపు చట్టాలు తరిమేసిన కన్యాస్త్రీలు. దేశం నుంచి గెంటబడినవాళ్లు వచ్చి, భూమి నుంచి గెంటబడినవాళ్ల పిల్లలకు మూడో దేశపు భాష నేర్పారు.

తర్వాత ప్రభుత్వం ఆ ఒప్పందాలు ఆపేసింది. అప్పుడు ఆ తెగల సొంత నిధి నుంచి కాథలిక్ బడులకు ఇవ్వవచ్చా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు ఇవ్వవచ్చు అంది, అది వాళ్ల సొమ్మే కదా అని. వ్యాజ్యం వేసింది కూడా ఆ తెగలోని వాళ్లే. అడిగినవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు, వద్దన్నవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు.

ఇటుకబట్టీ (ఆదివారం, రాత్రి 9.20)

నేను సివిల్ ఇంజనీరును, సియాటిల్ దగ్గర ఉంటాను. ఇక్కడివాళ్లకు అభిమాన కన్యాస్త్రీ ఒకామె ఉంది, మదర్ జోసెఫ్. మాంట్రియల్ నుంచి నలుగురిని వెంటబెట్టుకుని 1856 డిసెంబర్ 8న వాంకూవర్ కోటకు వచ్చింది. కెనడా వాంకూవర్ కాదు, పోర్ట్‌లాండ్ ఎదురుగా నది అవతలి ఊరు. నాన్న బండ్లు తయారుచేసే పనివాడు, ఆయన దగ్గరే వడ్రంగం నేర్చుకుంది. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు తానే గీసి తానే దగ్గరుండి కట్టించింది. దూలాల మీద ఎక్కి గెంతి చూసేదట, నచ్చకపోతే ఊడదీసి మళ్లీ వేసేదట. 1873లో కట్టిన ఇటుక అకాడమీ భవనం ఈరోజుకూ నిలబడి ఉంది. రెండుసార్లు వెళ్లి చూశాను, గోడల తూకంలో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

డబ్బు? అడుక్కుంది. గుర్రమెక్కి కొండల్లోని బంగారు గనులకు నెలల తరబడి వెళ్లి, కార్మికుల దగ్గర చేయి చాపి బంగారు రజను తెచ్చేది. ఇప్పుడు వాషింగ్టన్ నగరంలో పార్లమెంటు భవనంలో ఈ రాష్ట్రం తరఫున నిలబెట్టిన విగ్రహాల్లో ఒకటి ఆమెదే. నిలబెట్టిన అన్నాను గానీ, మోకాళ్ల మీద ఉంటుంది.

కొత్తకలం (ఆదివారం, రాత్రి 9.45)

బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన దొంగను ఎదిరించిన సిస్టరు ఒకామె ఉందని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతకాగితం (ఆదివారం, రాత్రి 10.10)

సిస్టర్ బ్లాండినా సెగాలే. ఆమె నిజం, ఆ బిల్లీ ఆ బిల్లీ కాదు. ఆమె చెప్పిన తేదీల్లో అసలు మనిషి అక్కడ లేడు. అదే పేరుతో తిరిగిన మరో దొంగ అయి ఉంటాడని చరిత్రకారుల మాట.

బిల్లీని పక్కన పెడితే ఆమె ఇంకా బాగుంటుంది. ఇటలీలో పుట్టి సిన్సినాటిలో పెరిగింది. 1872లో ట్రినిడాడ్‌కు వెళ్లమని ఆజ్ఞ వస్తే సముద్రంలో ఉన్న దీవి అనుకుంది. అది కొలరాడోలో బొగ్గు, పశువుల ఊరు. వయసు 22, ఒంటరి ప్రయాణం. అక్కడ బడి గది మట్టి ఇటుకల కొంప, గాలీ వెలుతురూ లేదు. కొత్తది కట్టడానికి చేతిలో కాణీ లేదు. ఒక రోజు గునపం అడిగి తెచ్చుకుని, కప్పు ఎక్కి, ఇటుకలు పీకడం మొదలుపెట్టింది. దారిన పోయే ఒక కలిగినింటావిడ, "సిస్టర్, ఏం చేస్తున్నారు?" అంది. "మళ్లీ కట్టడానికి పడగొడుతున్నాను" అంది ఈమె. ఏం కావాలని అడిగితే మనుషులు, గడ్డి, పారలు అని పట్టీ చదివింది. అన్నీ వచ్చాయి.

ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో, సిస్టరు దుస్తులు విప్పేస్తేనే ప్రభుత్వ బడిలో పాఠం చెప్పనిస్తామని పాఠశాల బోర్డు అంది. మీ ప్యాంటు మీరు వేసుకునే హక్కు మీకు ఎలాగో, నా దుస్తుల హక్కు నాకూ అలాగే అని చెప్పి బయటికి నడిచింది. ఇవన్నీ ఆమె డైరీలోవి, అది 1932లో పుస్తకంగా వచ్చింది. తన గురించి తాను రాసుకున్నది కాబట్టి కొంచెం ఉప్పు కారం తగిలి ఉంటుంది, అయినా చదవదగ్గది.

సుద్దముక్క (ఆదివారం, రాత్రి 10.40)

సికింద్రాబాద్‌కు ఇటలీ నుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చింది 1871లో. బ్లాండినా కప్పెక్కిన ఊరికి వెళ్లింది ఆ మరుసటి ఏడు. మా గుంటూరుకు హాలండ్ నుంచి జేఎంజే సిస్టర్లు 1904లో వచ్చారు. మనకు మాత్రం చివరికి మిగిలింది మాటే. ఒక్క సిస్టరు కూడా లేని, రేకుల షెడ్డులో టై కట్టించే ప్రతి బడినీ "కాన్వెంట్" అనేస్తాం. మా వీధిలో వేంకటేశ్వర కాన్వెంట్ ఉండేది!

ఎదురుప్రశ్న (ఆదివారం, రాత్రి 10.52)

మాకు హనుమాన్ కాన్వెంట్ ఉండేదమ్మా. నేను చదివింది అందులోనే.

ఇటుకబట్టీ (సోమవారం, ఉదయం 6.30)

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను, మెట్లు నా వృత్తి కదా.

మధ్యలో స్తంభం లేదన్నది కంటికి మాత్రమే. లోపలి వైపు వంపు తిరిగిన దూలం ఎంత ఇరుకుగా చుట్టుకుందంటే, అదే దాదాపు స్తంభంలా బరువు మోస్తుంది. పక్కనున్న కంబానికి ఒక ఇనుప పట్టీ కూడా ఉంది. చేసినవాడు దేవుడు పంపిన మనిషో కాదో గానీ, పని తెలిసిన మనిషి. మొదట చేతికమ్మి లేదు. పైకి ఎక్కిన ఆడపిల్లలు భయంతో చేతులు, మోకాళ్ల మీద పాకుతూ దిగేవారట. 1887లో కమ్మి పెట్టించారు.

వడ్రంగి పేరు కూడా ఒక స్థానిక పరిశోధకురాలు కనిపెట్టింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫ్రాంస్వా జాన్ రోషాస్. తర్వాత ఎడారి లోయలో ఒంటరిగా ఉంటూ హత్యకు గురయ్యాడు. 1895లో శాంటా ఫే పత్రికలో వచ్చిన అతని మరణ వార్తలోనే, లొరెట్టో మెట్లు కట్టింది ఇతనే అని ఉంది. సిస్టర్ల ఖర్చుల పుస్తకంలోనూ ఒక పద్దు దొరికింది. 1881 మార్చి, రోషాస్‌కు, కర్రకు, 150 డాలర్లు.

మెట్లబావి (సోమవారం, రాత్రి 8.05)

అందరికీ దండాలు. మొత్తం మా అమ్మాయికి చదివి వినిపించాను, రెండు చోట్ల ఆపి ఆపి. ఆఖరి పద్దు దగ్గర ఒక్కటే అడిగింది. "కర్రకు 150 అయితే, కూలి ఎంత నాన్నా?"

పాతకాగితం గారూ, ఇది మీకే.

పాతకాగితం (సోమవారం, రాత్రి 8.31)

పద్దులో కర్ర మాటే ఉందని చెప్పండి. జోజప్ప కూలి ఇంకా బాకీయే.